ఆక్టాడెసిల్ అమైన్: సంచిలో కంటే డ్రమ్ములో, డ్రైన్‌లో ఎందుకు ప్రమాదం?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) ఎరువుల ప్లాంటులో కోటింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరారు. తెల్లటి మైనం రేకుల్లాంటి ఆక్టాడెసిల్ అమైన్‌ని ఆయిల్‌లో కరిగించి గుళికల మీద చల్లుతున్నారు. కరిగించేటప్పుడు కళ్ళు మండుతున్నాయి, చేతులు పొడిబారి పగులుతున్నాయి. ఇది విషమా, ఎరువుతో పాటు పొలంలోకి పోతే పంటకీ తినేవాళ్ళకీ ఏమన్నా అవుతుందా, బాయిలర్ వాళ్ళు కూడా ఇదే వాడతామంటున్నారు, నిజమేనా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పొలానికి వెళ్ళే సంచిలో ఉన్నదాని గురించి బెంగ అక్కర్లేదు. మీ ముందున్న కరిగిన డ్రమ్ము గురించీ, ప్లాంటు నుంచి బయటికి పోయే కాలవ గురించీ మాత్రం చాలా జాగ్రత్త కావాలి. పీల్చగానే మనిషిని పడగొట్టే రకం కాదిది. కానీ కంట్లో పడితే చూపు పోవచ్చు. నీళ్ళలో కలిస్తే చేపలు చస్తాయి. బాయిలర్ వాళ్ళు చెప్పింది నిజమే, దాని సంగతి కింద రాస్తాను.

నేను మొదట ఎరువుల కోటింగ్‌లో, తర్వాత స్టీమ్ ట్రీట్‌మెంట్ కెమికల్స్‌లో పనిచేశాను. రెండు చోట్లా ఇదే పదార్థంతో పని. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

18 కార్బన్ల పొడవాటి గొలుసు, దాని ఒక చివర ఎన్‌హెచ్2 గుంపు (ఒక నైట్రోజన్, రెండు హైడ్రోజన్లు). ఆక్టాడెసిల్ అమైన్ అంటే ఇంతే. మార్కెట్లో స్టియరిల్ అమైన్ అని కూడా అంటారు. తయారీ మొదలయ్యేది కొవ్వు నుంచి. పశువుల కొవ్వు లేదా పామాయిల్ నుంచి వచ్చే స్టియరిక్ ఆమ్లాన్ని అమ్మోనియాతో వేడిచేసి నైట్రైల్‌ (అమైన్‌కి ముందు దశ పదార్థం)గా మారుస్తారు, ఆపైన నికెల్ ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్ పట్టిస్తారు. 50 నుంచి 53 డిగ్రీల మధ్య కరుగుతుంది. నీళ్ళలో కరగదు, నీటికంటే తేలిక. కరిగించినప్పుడు అమ్మోనియా, చేపల వాసన కలిసినట్టు ఉంటుంది.

దీని స్వభావమంతా ఒక్క విషయంలో ఉంది. ఎన్‌హెచ్2 ఉన్న తల క్షార గుణం కలది, తేమ తగిలితే ధనావేశం పొందుతుంది. దాంతో రుణావేశం ఉన్న ఏ ఉపరితలం దొరికినా పట్టుకుని వదలదు. కొవ్వు గొలుసు తోక బయటికి తిరిగి నీటిని దగ్గరికి రానివ్వదు. ఎరువు గుళికని పట్టుకున్నా, ఇనప గొట్టాన్ని పట్టుకున్నా, మీ కంటి పొరని పట్టుకున్నా, చేప మొప్పల్ని పట్టుకున్నా చేసే పని అదే. దీని ఉపయోగమూ, దీని ప్రమాదమూ రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

మీ సెక్షన్‌లోనే చూడొచ్చు. కోటింగ్ పడని గుళిక ఒకటి, పడిన గుళిక ఒకటి తెల్ల పళ్ళెంలో పక్కపక్కన పెట్టి, ఒక్కో దాని మీద డ్రాపర్‌తో చిన్న నీటిచుక్క వదలండి. మొదటి దాని మీద చుక్క వెంటనే పరుచుకుని ఇంకిపోతుంది, గుళిక రంగు ముదురుతుంది. రెండో దాని మీద చేమాకు మీది బొట్టులా గుండ్రంగా నిలబడి, పళ్ళెం వంచితే జారిపోతుంది. కోటింగ్ సమంగా పడిందా లేదా అని షిఫ్టు మధ్యలో చూసుకోవడానికి నేను ఇదే చేసేవాణ్ణి. ల్యాబ్ రిపోర్టు వచ్చేలోపు సగం సంగతి ఇక్కడే తెలిసిపోతుంది.

ఇదంతా ఎందుకంటే ఎరువు గడ్డకట్టకుండా ఉండటానికి. ఒక్కో ఉప్పుకీ ఒక తేమ హద్దు ఉంటుంది. గాల్లో తేమ అది దాటితే ఉప్పు నీరు లాక్కోవడం మొదలుపెడుతుంది. 30 డిగ్రీల దగ్గర అమ్మోనియం నైట్రేట్‌కి ఆ హద్దు సుమారు 59 శాతం, యూరియాకి 72 నుంచి 75, పొటాష్‌కి 84 దాకా ఉంటుంది. రెండు ఉప్పులు కలిస్తే హద్దు ఇంకా పడిపోతుంది. యూరియా, అమ్మోనియం నైట్రేట్ కలిస్తే 18 శాతానికే తేమ పీలుస్తాయి, అందుకే ఆ రెంటినీ పొడిగా ఎవరూ కలపరు. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలం గాలి తేమ ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పీల్చిన నీటిలో గుళిక పైపొర కాస్త కరుగుతుంది, మధ్యాహ్నం ఎండకి ఆరుతుంది, ఆరేటప్పుడు పక్క గుళికతో కలిపి స్ఫటికం కడుతుంది. నాలుగు రోజులు అలా జరిగితే సంచి బండరాయే. అమైన్ పొర ఆ నీటి వంతెన కట్టనివ్వదు, కట్టినా గట్టిపడనివ్వదు.

గడ్డకట్టడం చిన్న ఇబ్బంది అనుకునేవాళ్ళకి ఒక చరిత్ర చెప్పాలి. 1921 సెప్టెంబర్ 21న జర్మనీలోని ఒప్పావ్‌లో, సైలోలో గడ్డకట్టిన అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్ మిశ్రమాన్ని పగలగొట్టడానికి పేలుడు మందు వాడారు. అంతకుముందు ఎన్నోసార్లు అలాగే చేశారు, ఏమీ కాలేదు. ఆ రోజు రాశిలో కొంత భాగం పేలింది. 500 మందికి పైగా చనిపోయారు. గడ్డకట్టకుండా చూసే పనికి ఉన్న విలువ అంతటిది.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన హెచ్చరిక. మీ గ్రేడ్‌లో అమ్మోనియం నైట్రేట్ ఉంటే ఆయిల్, అమైన్ మోతాదు మీ ఇష్టప్రకారం పెంచడానికి లేదు. నైట్రేట్ ఆక్సిజన్ ఇచ్చే ఉప్పు, అమైన్ మండే కొవ్వు. అందుకే నైట్రేట్ ఎరువుల్లో మండే పదార్థానికి హద్దు ఉంది. ఎక్కువ నైట్రేట్ ఉన్న ఎరువుని ఎరువుగా రవాణా చేయాలంటే ఐక్యరాజ్య సమితి వర్గీకరణ ప్రకారం అందులో మండే సేంద్రియ పదార్థం కార్బన్ లెక్కన 0.2 శాతం మించకూడదు. 1947లో అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో పేలిన అమ్మోనియం నైట్రేట్‌కి గడ్డకట్టకుండా మైనం లాంటి పూతే ఉంది. మన దేశంలో అమ్మోనియం నైట్రేట్‌కి 2012 నుంచి ప్రత్యేక నిబంధనలే ఉన్నాయి. మీ ప్లాంటులో ఫాస్ఫేట్, యూరియా, పొటాష్ ఆధారిత గ్రేడ్లే నడుస్తుంటే ఈ భయం లేదు. అయినా ఏ గ్రేడ్ నడుస్తోందో తెలుసుకుని ఉండండి.

ఇక పొలం సంగతి. లెక్క వేసి చూద్దాం. టన్ను ఎరువుకి 200 గ్రాముల అమైన్ పడిందనుకోండి. 50 కిలోల సంచిలో ఉండేది 10 గ్రాములు. ఎకరానికి ఒక సంచి చల్లితే చదరపు మీటరుకి రెండున్నర మిల్లీగ్రాములు. జానెడు లోతు మట్టి ఎకరానికి సుమారు వెయ్యి టన్నులు ఉంటుంది, అందులో ఈ పది గ్రాములు. పైగా బంకమట్టి కణాలకి రుణావేశం ఉంటుంది కాబట్టి అమైన్ వాటిని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది, బావి నీళ్ళలోకి దిగదు. సరళ గొలుసు కొవ్వు అమైన్ కనక మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. కాబట్టి పంట వైపు నుంచి నాకు అభ్యంతరం కనపడలేదు. రైతులు అడిగితే నేను చెప్పే జాగ్రత్త ఒకటే. కోటింగ్ ఉన్న గుళికల ఎరువుని నీళ్ళలో కలిపి డ్రిప్‌లో వదలొద్దు. ఆయిల్, అమైన్ తెట్టులా పైకి తేలి డ్రిప్పర్లని పట్టేస్తాయి. డ్రిప్‌కి నీళ్ళలో పూర్తిగా కరిగే గ్రేడ్లు వేరే ఉన్నాయి.

ఇంకో మాట. మన రైతులు ఏళ్ళ తరబడి చల్లుతున్న ఎర్ర పొటాష్‌లో కూడా ఈ కుటుంబం అమైన్లే ఉంటాయి. పొటాష్ మనకి దాదాపు పూర్తిగా దిగుమతే. కెనడా లాంటి చోట్ల గనిలోంచి వచ్చిన ఖనిజంలో పొటాషియం క్లోరైడ్, మామూలు ఉప్పు కలిసి ఉంటాయి. వాటిని విడదీయడానికి ఉప్పు నీళ్ళ తొట్టిలో కొవ్వు అమైన్ వేసి గాలి బుడగలు పంపుతారు. అమైన్ పొటాష్ గింజల్ని పట్టుకుంటుంది, ఆ గింజలు బుడగలకి అంటుకుని నురగతో పైకి తేలతాయి, ఉప్పు కిందే ఉండిపోతుంది. తర్వాత ఓడలో గడ్డకట్టకుండా మళ్ళీ అమైన్ పూత. అంటే మీరు కొత్తగా చూస్తున్న ఈ పదార్థం పేరు తెలియకుండానే ఎప్పటినుంచో మన పొలాల్లోకి వస్తోంది.

మిగతా వాడకాలు క్లుప్తంగా. రోడ్డు పనిలో చల్లే తారు ఎమల్షన్‌లో ఉండేవి కొవ్వు అమైన్ల నుంచి చేసిన ఎమల్సిఫయర్లే. మన గ్రానైట్ కంకరకి రుణావేశం ఎక్కువ, అమైన్ తల దాన్ని పట్టుకోవడం వల్ల వానకి తారు ఊడిరాదు. బట్టల సాఫ్ట్‌నర్లు, జుట్టు కండిషనర్లలోని చాలా పదార్థాలు వీటి చుట్టాలే. గ్లైఫోసేట్ కలుపుమందుల్లో ఆకుకి అంటుకోవడానికి కొవ్వు అమైన్‌కి ఇథిలీన్ ఆక్సైడ్ పట్టించిన పదార్థాన్ని కలిపేవారు. యూరోపియన్ యూనియన్ 2016లో గ్లైఫోసేట్ మందుల్లో దాన్ని నిషేధించింది.

బాయిలర్ సంగతి. బాయిలర్ నీటిలోని బైకార్బనేట్ వేడికి విడిపోయి కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. అది ఆవిరితో వెళ్ళి, ఆవిరి చల్లబడి నీరయ్యే చోట కార్బానిక్ ఆమ్లమై గొట్టాల్ని అడుగు నుంచి కొరికేస్తుంది. ఆక్టాడెసిల్ అమైన్‌ని ఎమల్షన్‌గా చేసి స్టీమ్ హెడర్‌ (ఆవిరిని పంచే ప్రధాన గొట్టం)లోకి ఎక్కిస్తే గొట్టం లోపలి గోడకి పొర కడుతుంది, నీరు ఇనుముని తాకదు. ఇది ఆమ్లాన్ని చంపదు, అడ్డం నిలబడుతుందంతే. అందుకని కండెన్సేట్ (ఆవిరి చల్లబడి వచ్చిన నీరు) పీహెచ్ 6.5 నుంచి 8 మధ్య ఉండేలా వేరే చూసుకోవాలి.

పాత లైన్లలో దీన్ని ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో ఎక్కిస్తే చాలా ఇబ్బంది. ఒక ఫ్యాక్టరీలో కొత్త కాంట్రాక్టరు మొదటి రోజు నుంచే పూర్తి మోతాదు పెట్టించాడు. గొట్టాల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పు కింద అమైన్ దూరి దాన్ని ఊడగొట్టింది. నన్ను పిలిచేసరికి స్టీమ్ ట్రాపులు (గొట్టాల్లో చేరిన నీటిని బయటికి వదిలే వాల్వులు) ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. స్ట్రైనర్ (గొట్టంలోని జల్లెడ) విప్పితే లోపల నల్లటి జిగురు ఉండలు, వేలితో నొక్కితే సాగుతున్నాయి. అమైన్, తుప్పు కలిసి ముద్దయిపోయాయన్నమాట. మోతాదు బాగా తగ్గించి, స్ట్రైనర్లు రోజూ విప్పి కడుగుతూ, వారాల మీద నెమ్మదిగా పెంచుకుంటూ వస్తే దారిన పడింది.

ఆ ఆవిరి నేరుగా తిండికి తగిలే చోట ఇంకా జాగ్రత్త. అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధన ప్రకారం ఆహారానికి తగిలే ఆవిరిలో ఆక్టాడెసిల్ అమైన్ 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో మూడు) దాటకూడదు. పాలకీ పాల ఉత్పత్తులకీ తగిలే ఆవిరిలో అసలు వాడకూడదు. డెయిరీల్లో బాయిలర్ చూసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మీ ట్రీట్‌మెంట్ కెమికల్ డబ్బా మీద ఏముందో ఒకసారి చూడండి. బియ్యం మిల్లులో వడ్లు ఉడకబెట్టే ఆవిరి కూడా తిండికి తగిలే ఆవిరే.

ఇప్పుడు అసలు మీ ఒంటి సంగతి. నేను నిజంగా కలవరపడేది ఇక్కడే.

కన్ను. సరుకుతో వచ్చే భద్రతా పత్రంలో (సేఫ్టీ డేటా షీట్) దీనికి రాసేది కంటికి తీవ్రమైన నష్టం అని. మాట వరసకి రాసింది కాదది. క్షారం కంటి పొరలోకి దిగుతుంది, పైగా ఇది కొవ్వు గుణం ఉన్న క్షారం, నీళ్ళతో సులువుగా వదలదు. నేను చూసిన ఒక ప్లాంటులో రేకుల్ని తెరిచిన డ్రమ్ములో గ్యాస్ పొయ్యి మీద కరిగించేవారు. హెల్పర్ కుర్రాడు కరగని గడ్డని కర్రతో పొడుస్తుంటే ఒక చుక్క చిమ్మి కంట్లో పడింది. పక్కవాళ్ళు చెంబుడు నీళ్ళు కొట్టి, కన్ను నలిపి, బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారిలో గడిచిన సమయమంతా అమైన్ కంట్లోనే ఉంది. ఆ కంటి చూపు మళ్ళీ పూర్తిగా రాలేదు. ఐవాష్ (కళ్ళు కడుక్కునే కుళాయి) నాలుగడుగుల దూరంలోనే ఉంది, దాని వాల్వు మాత్రం తుప్పు పట్టి తిరగలేదు.

కాబట్టి చేయాల్సింది ఇది. కంట్లో పడితే అక్కడికక్కడే, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, ధారగా కారే మంచినీళ్ళతో కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే సులువుగా వస్తే తీసేయాలి. ఆసుపత్రి ఆ తర్వాతే, దారిలో కూడా కడుగుతూ వెళ్ళగలిగితే మంచిది. క్షారానికి ఆమ్లం విరుగుడని నిమ్మరసం, వెనిగర్ కంట్లో పోసేవాళ్ళున్నారు, అది దెబ్బ మీద దెబ్బ. కంటి డాక్టరుకి క్షారం పడిందని స్పష్టంగా చెప్పండి. మామూలు కళ్ళజోడు చాలదు, పక్కలు మూసిన గాగుల్స్, వాటి మీద ఫేస్ షీల్డ్ కావాలి.

మీ కళ్ళు మండటం గురించి. గది వేడిలో ఈ పదార్థం దాదాపు ఆవిరి కాదు. కరిగించేటప్పుడు కళ్ళు మండుతున్నాయంటే ట్యాంకు అవసరం కంటే ఎక్కువ వేడిగా ఉంది, లేదా పైన ఆవిరి లాగే ఎగ్జాస్ట్ పనిచేయడం లేదు, లేదా రెండూ. 65 నుంచి 75 డిగ్రీల దగ్గర ఇది చక్కగా కరిగి ఆయిల్‌లో కలుస్తుంది. అంతకంటే వేడి పెంచితే పని త్వరగా అవుతుందనుకుంటారు కానీ పెరిగేవి పొగ, రంగు మారడం మాత్రమే. నేరు మంట వద్దు, వేడినీళ్ళ జాకెట్ ఉన్న మూత ట్యాంకు కావాలి. ట్యాంకులో నీటి చుక్కలు లేకుండా చూడండి, వేడి పెరిగితే నీరు ఒక్కసారి ఆవిరై చిమ్ముతుంది.

చర్మం. చేతులు పగలడానికి కారణం చాలావరకు గుడ్డ గ్లౌజులే అయి ఉంటుంది. అవి అమైన్ ఆయిల్‌ని పీల్చుకుని షిఫ్టంతా చర్మానికి అదిమి ఉంచుతాయి. అంతకంటే వట్టి చేతులే నయమనిపిస్తుంది, కానీ అదీ కాదు. నైట్రైల్ రబ్బరు గ్లౌజులు వేసుకోండి. వేడి దగ్గర వాటిమీద వేడికి ఆగే గ్లౌజులు వేసుకుని, తడిసినవి వెంటనే మార్చండి. చేతులు కిరోసిన్, డీజిల్‌తో కడగడం వెంటనే మానేయండి. అవి చర్మంలోని నూనె లాగేసి అమైన్‌కి లోపలికి దారి ఇస్తాయి. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు చాలు. కరిగిన వేడి అమైన్ ఒంటి మీద పడి గడ్డకడితే దాన్ని పీకొద్దు, చల్లటి నీళ్ళు పోస్తూ ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు. కరిగిన కొవ్వు పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.

కాలవ. 25 కిలోల రేకుల సంచి ఒకటి చిరిగి డ్రైన్‌లో పడిందనుకోండి. ఇందాకటి లెక్కలో అది 2,500 సంచుల ఎరువులో ఉండే అమైన్. చేపలకీ నీటి పురుగులకీ ఇది లీటరుకి ఒక మిల్లీగ్రాము కంటే తక్కువలోనే ప్రమాదకరం. లీటరుకి ఒక మిల్లీగ్రాము చొప్పున లెక్కేసినా 25 కిలోలు రెండున్నర కోట్ల లీటర్ల నీటికి సరిపోతాయి. అంతా ఒకేసారి నీటిలో కలవదు, కొంత బురదకి అంటుకుంటుంది, నిజమే. అయినా చెరువుతో అలాంటి పందెం కాయకూడదు. కరిగినది ఒలికితే ఇసుక లేదా రంపపు పొట్టు కట్టగా వేసి ఆపండి, గడ్డకట్టనివ్వండి, పారతో గీరి డ్రమ్ములో వేయండి. హోస్ పైపు పెట్టి కడగొద్దు.

ఖాళీ డ్రమ్ములూ, సంచుల లోపలి ప్లాస్టిక్ కవర్లూ ఇంటికి తీసుకెళ్ళడం నేను పనిచేసిన ప్రతిచోటా చూశాను. నీళ్ళు పట్టుకోవడానికి, గడ్డివామి మీద కప్పడానికి. సబ్బుతో రుద్దినా లోపలి పొర పోదు, అంటుకోవడమే దాని గుణం కదా. డ్రమ్ముకి బొక్క కొట్టి, కవర్లు చింపి ప్రమాదకర వ్యర్థాల కింద పంపించమని మీ సూపర్‌వైజర్‌ని అడగండి. హెల్పర్లకి ఎందుకో చెప్పి మరీ ఆపండి, ఊరికే ఆపితే ఆగదు.

నిల్వ గురించి రెండు మాటలు. మూత బిగించి ఉంచండి. అమైన్లు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని పైన పెచ్చు కడతాయి, అది నాజిల్‌లో ఇరుక్కుంటుంది. ఆమ్లాలు, బ్లీచింగ్, నైట్రేట్ సంచులు పక్కన ఉండకూడదు. లైన్లో ఇత్తడి, రాగి వాల్వులు వద్దు, అమైన్ వాటిని తింటుంది, స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి.

సరుకు నాణ్యత మీరు అడగలేదు కానీ చెప్పాలి. స్వచ్ఛమైన ఆక్టాడెసిల్ అమైన్‌కి అమైన్ విలువ (ఒక గ్రాము సరుకులోని క్షార గుణం ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్‌కి సమానమో చెప్పే అంకె) లెక్కప్రకారం 208 దగ్గర ఉంటుంది. 16 కార్బన్ల అమైన్‌కి అది 232. వచ్చిన లాటు విలువ 208 కంటే బాగా పైన ఉండి, కరిగే వేడి 50 కంటే కిందికి దిగితే అందులో చిన్న గొలుసు ఎక్కువ కలిసిందని అర్థం. విలువ బాగా తక్కువ ఉంటే అమైన్‌గా మారని నైట్రైల్, రెండు గొలుసుల అమైన్ ఎక్కువ ఉన్నట్టు. చిన్న గొలుసులు, ముఖ్యంగా 12 కార్బన్లవి, చర్మాన్ని ఇంకా ఎక్కువ కాల్చేస్తాయి. గది వేడిలో ద్రవంగా ఉండే ఓలియిల్ అమైన్ కూడా అంతే. పేరు ఒకటే కుటుంబమని జాగ్రత్తలు కూడా ఒకటే అనుకోవద్దు. మీ చేతుల మంట ఈమధ్యే పెరిగి ఉంటే సరుకు మారిందేమో కనుక్కోండి.

మీరు మళ్ళీ రాసేటప్పుడు మూడు వివరాలు ఇవ్వండి: ట్యాంకు ఏ వేడి మీద నడుస్తోంది, కోటింగ్ ఆయిల్‌లో అమైన్ ఎంత శాతం, భద్రతా పత్రం మూడో విభాగంలో పదార్థం పేరు ఏమని రాశారు. అవి చూస్తే కళ్ళ మంటకి కారణం ఏమిటో ఇంకా కచ్చితంగా చెప్పగలను. ఈలోపు రేపు షిఫ్టు ఎక్కగానే ఐవాష్ వాల్వు తిప్పి నీళ్ళు ధారగా వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే అది బాగుపడేదాకా ట్యాంకు మూత తీయనని చెప్పే హక్కు మీకుంది.